గాత్ర గురువు వద్ద వాద్య విద్య: తల్లిదండ్రులకు కొన్ని మాటలు

ఏటేట పాఠశాల తెరువగానే సంగీతపు తరగతి వాకిట మాకు ఎదురగు ప్రశ్న ఒకటి కలదు. "మా వాడు మాండొలిన్ నేర్చుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడండీ. ఇక్కడి సంగీతం టీచరుగారికి గాత్రమే వచ్చునట గదా! ఆమె దగ్గర చేర్పించవచ్చునా? లేక వీణో, వయొలినో నేర్చుకోమని నచ్చజెప్పమంటారా?" అని తల్లిదండ్రులు అడుగుచుందురు. వాద్యము పేరు మారవచ్చును గాని ప్రశ్న మారదు.

గత సంవత్సరము ఒక తండ్రిగారు పాత మాండొలిన్ నొకదానిని తుండుగుడ్డలో చుట్టి తెచ్చి మా బల్లపై నుంచిరి. అది వారి తండ్రిగారు వాయించినది. "ముప్పై ఏళ్లుగా బీరువా మీద ఉన్నదండీ. వేసవి సెలవుల్లో పిల్లవాడు దించాడు. అప్పటినుంచి వదలడం లేదు. మీరు వద్దంటే మళ్లీ బీరువా మీదనే పెడతాను" అనిరి. ప్రక్కన నిలిచిన బాలుడు మా ముఖము వైపు చూడక మాండొలిన్ వైపే చూచుచుండెను.

మేము వెంటనే అవునని చెప్పలేకపోతిమి. అందుకు కారణము కలదు. అంతకు కొన్నేండ్ల క్రిందట ఒక బాలిక క్లారినెట్ నేర్చుకొనగోరగా, సంగీతము ఎచ్చటనైనను సంగీతమే కదా అని తేలికగా ఒప్పుకొంటిమి. స్వరము చెప్పు గురువు ఉండెను. ఊపిరి ఎట్లు పట్టవలెనో, పెదవుల నడుమ వాద్యమును ఎట్లుంచవలెనో చెప్పువారు లేకపోయిరి. ఏడాది తిరుగకముందే ఆ బాలికకు పెదవుల నొప్పియు, మనస్సునకు విసుగును మిగిలినవి. క్లారినెట్ అటకెక్కినది. అంతకుముందు చక్కగా పాడుచుండిన బాలిక పాడుట కూడ మానివేసినది. ఆ తప్పు బాలికది కాదు, ఉపాధ్యాయినిది కాదు. అడుగవలసిన ప్రశ్నలను ముందుగా అడుగని మాది. కావుననే ఈ విషయమును కొంత విచారించి, తెలిసినంతవరకు తల్లిదండ్రులకు నివేదింపదలచితిమి.

పాలకొల్లు బాలుడు

ఈ ప్రశ్నకు మన తెలుగునాటనే, మన కాలముననే ఒక గొప్ప ఉదాహరణము కలదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ పేరు విననివారు మనలో ఉండరు. ఆయన తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాద్యకారులు. ఇంటనున్న మాండొలిన్‌ను శ్రీనివాస్ ఆరేండ్ల ప్రాయమున చేపట్టెను. కుమారుని ఆసక్తిని గమనించిన తండ్రి, తమ గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారి వద్ద శిక్షణకు ఏర్పాటు గావించెను. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులు. ఆయన గాత్ర విద్వాంసులు. మాండొలిన్ వాయించుట ఆయనకు రాదు.

మరి పాఠము ఎట్లు నడచినది? గురువు పాడెడివారు, శిష్యుడు ఆ పాడినదానిని తీగెపై పలికించెడివాడు. ఏ వేలు ఎచ్చట నుంచవలెనో చెప్పుట కాదు, ఏ నాదము రావలెనో చెప్పుటయే ఆ పాఠము. ఆ నాదమును రప్పించు దారిని శిష్యుడే వెదకుకొనవలసి వచ్చెను. కర్ణాటక సంగీతమును మాండొలిన్‌పై వాయించుటకు అంతకుముందు స్థిరపడిన బాణి లేదు. కాబట్టి ఆ బాలుడు వెదకుకొన్న దారియే బాణి యయ్యెను.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములందు ఆయన తొలి కచేరి జరిగినది. 1981లో మన చెన్నపురిలో డిసెంబరు సంగీతోత్సవముల సమయమున ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై వాయించెను. 1983లో బెర్లిను నగరపు జాజ్ ఉత్సవమున వాయించి విదేశీయులను మెప్పించెను. 1998లో పద్మశ్రీ బిరుదము లభించినది. 2014 సెప్టెంబరు 19న, నలువదియైదేండ్ల వయస్సుననే, ఈ నగరముననే ఆయన కన్నుమూసెను. వాద్యము పేరు ఆయన ఇంటిపేరుగా మారిపోయినది.

అయితే ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఆ బాలుడు అసాధారణ ప్రతిభ గలవాడు. అట్టి శిష్యుని, అట్టి గురువును చూపి, "మా పిల్లవానికిని అట్లే వచ్చును" అని తలంచుట న్యాయము కాదు. ఈ కథనుండి మనము గ్రహింపవలసినది ఆ కీర్తిని కాదు, ఆ పద్ధతిని. వాద్యము తెలియని గురువు వాద్య శిష్యునికి ఏమి ఈయగలిగెను? ఏమి ఈయలేకపోయెను? ఈయలేనిది ఎచ్చటనుండి వచ్చినది? ఈ మూడు ప్రశ్నలే మనకు కావలసినవి.

ఇది పూర్వము నుండి ఉన్నదే

నేడు కర్ణాటక కచేరీలలో వయొలిన్ లేని కచేరి అరుదు. కాని ఒకప్పుడు అదియు పరదేశపు వాద్యమే. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడైన బాలుస్వామి దీక్షితులు (1786–1859), చెన్నపురికి చేరువనున్న మణలిలో మొదలియార్ల ఆదరమున నివసించు కాలమున, ఒక ఐరోపా వాద్యకారుని వద్ద వయొలిన్ నేర్చుకొనెను. ఆ గురువు వాద్యము తెలిసినవాడు. మన సంగీతము తెలిసినవాడు కాడు. సంగీతము బాలుస్వామికి తండ్రి రామస్వామి దీక్షితుల ఇంటనే అబ్బినది. ఈ రెండింటిని ఒకచోట కలిపినవాడు శిష్యుడే.

ఇటీవలి కాలమున కద్రి గోపాలనాథ్ సాక్సొఫోన్‌పై కర్ణాటక సంగీతమును వాయించి పేరు గాంచి, 2019లో దివంగతులైరి. ఆయన దక్షిణ కన్నడ ప్రాంతమువారు. మంగళూరులో గోపాలకృష్ణ అయ్యరు వద్దను, పిమ్మట చెన్నపురిలో టి.వి. గోపాలకృష్ణన్ వద్దను శిక్షణ పొందిరి. గోపాలకృష్ణన్ గాత్ర, మృదంగ విద్వాంసులు. సుబ్బరాజుగారివలెనే ఆయనయు చెంబై శిష్యులే. గోపాలనాథ్ తండ్రి నాదస్వర విద్వాంసులు. ఊదు వాద్యమునకు ఊపిరి ఎట్లు పట్టవలెనో తెలిసిన ఇల్లు అది.

ఈ మూడు కథలను ప్రక్కప్రక్కన నుంచినచో ఒక విషయము స్పష్టమగును. ఎవ్వరికిని సంపూర్ణ గురువు ఒక్కరే దొరకలేదు. సంగీతము ఒకచోటనుండి, వాద్యపు వాడుక వేరొకచోటనుండి వచ్చినవి. రెండును వచ్చినవి గనుకనే విద్య నిలిచినది. మా క్లారినెట్ బాలికకు ఒకటి మాత్రమే లభించినది, రెండవది లభింపలేదు.

గాత్ర గురువు ఇచ్చునది

మన సంగీతము గాత్ర ప్రధానము. పాశ్చాత్య సంగీతమున పియానోకు, వయొలిన్‌కు ప్రత్యేకముగా వ్రాసిన రచనలు వేలకొలది కలవు. మనకట్లు కాదు. వీణపై వాయించినను, వేణువుపై ఊదినను, వాయించునది చాలవరకు పాటయే. పురందరదాసు ఏర్పరచినదని పెద్దలు చెప్పు అభ్యాస క్రమము, అనగా మాయామాళవగౌళ రాగమున సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారములు, పిదప గీతములు, ఏ ఒక్క వాద్యమునకో ఏర్పడినది కాదు. కావున శ్రుతిలో నిలుచుట, తాళము తప్పకుండుట, రాగమును గుర్తించుట, తప్పును చెవితో పట్టుకొనుట అను నాలుగింటిని గాత్ర గురువు ఏ వాద్య శిష్యునికైనను నేర్పగలరు. వాద్య విద్యలో పెద్ద పాలు ఇదియే.

గాత్ర గురువు ఈయలేనివియు కలవు. కూర్చుండు తీరు, వాద్యమును పట్టు తీరు, వేళ్ల వరుస, మీటు వాటము, తీగెల మార్పు, వాద్యమునకు వచ్చు జబ్బులు. ఇవి వాద్యము తెలిసినవారే చూపవలెను.

ఇందులో వాద్యమును బట్టి భేదము కలదు. మెట్లున్న వాద్యమున స్వరస్థానము కంటికి కనబడును. జలతరంగమున ఒక్కొక్క గిన్నె ఒక్కొక్క స్వరము పలుకును. అట్టివాటికి గాత్ర గురువుతో ప్రారంభించుట కష్టము కాదు. ఊపిరితోను, పెదవులతోను పలుకు వాద్యములందు శబ్దము పుట్టు రహస్యము శరీరములో దాగియుండును. కమానుతో పలుకు వాద్యములందు కుడిచేతి వాటము మొదటి మాసములలోనే స్థిరపడును. అట్టివాటికి వాద్యము తెలిసినవారు ఆరంభముననే ఉండవలెను. మొక్కై వంగనిది మానై వంగునా?

మాండొలిన్ విషయమున

మాండొలిన్ ఇటలీ దేశపు వాద్యము. సాధారణముగా దానికి నాలుగు జతల తీగెలు, మొత్తము ఎనిమిది, ఉండును. పాశ్చాత్యులు వానిని వయొలిన్‌వలె జి, డి, ఎ, ఇ అను స్వరములకు బిగింతురు. మన సంగీతమునకు షడ్జ పంచమములు కావలెను. ఈ నగరమున అయిదు కట్టై అని వాడుకలోనున్న శ్రుతియే ఆ మొదటి జి. అదే షడ్జమైనచో రెండవ జత తనంతట పంచమమగును. మూడవ, నాలుగవ జతలను రెండేసి మెట్ల మేర దించినచో అవి పై షడ్జ పంచమములగును. మన వయొలిన్ విద్వాంసుల స, ప, స, ప వరుసయే ఇది. తీగెలను దించుటయే గాని బిగించుట లేదు గనుక తెగునను భయము లేదు. బాలబాలికలకును, స్త్రీలకును అయిదు కట్టై పాడుటకు సామాన్యముగా అనుకూలమైన శ్రుతి. కాబట్టి గురువును శిష్యుడును వాద్యమును ఒకే శ్రుతిలో కలియగలరు.

జత తీగెలలో రెండును సరిగా కలియకున్నచో పిల్లవాని చెవి పాడగును. కావున మొదటి ఆరు మాసములు శ్రుతి కలుపుటను పెద్దలే చూడవలెను. పాఠశాలలో మా ఉపాధ్యాయిని తంబురా పెట్టె ధ్వనికి చెవితోనే కలిపెదరు. ఇంట గూడ అట్లే చేయవచ్చును.

ఇక గమకము. మాండొలిన్ మెట్టుపై వేలుంచి మీటినచో స్వరము నిలువుగా, ఊపు లేక పలుకును. మన రాగములు అట్టి స్వరములతో జీవింపవు. వీణలో షడ్జమునుండి షడ్జమువరకు పండ్రెండు మెట్లున్నట్లే మాండొలిన్‌లోను పండ్రెండే కలవు. వీణపై తీగెను ప్రక్కకు లాగి గమకమును పలికింతురు. ఒక మెట్టునుండి మరొక మెట్టునకు జారుదురు. మాండొలిన్‌పై గూడ ఈ రెండు దారులే. కాని జత తీగెలను రెండింటిని సమముగా లాగుట కష్టము. ధ్వనియు త్వరగా ఆరిపోవును. శ్రీనివాస్ అయిదు ఒంటి తీగెలుగల విద్యుత్ మాండొలిన్‌ను వాడుటకు కారణమిదియే అని గ్రహించిన, వాద్యమును సంగీతమునకు తగినట్లు మార్చుకొనవచ్చునని తెలియును. అయితే ప్రారంభమున పిల్లలకు ఆ మార్పు అక్కరలేదు. సరళి వరుసలు ఎనిమిది తీగెలపైనను చక్కగా పలుకును.

దీనివలన తల్లిదండ్రులకు ఒక ఉపాయము దొరకుచున్నది. మాండొలిన్ విద్వాంసులు పొరుగున లేకపోవచ్చును. వీణ తెలిసినవారు ఈ నగరమున ఏ పేటలోనైనను ఉందురు. నెలకొకసారి వారివద్దకు తీసికొనిపోయి ఎడమచేతిని చూపుడు. మీటు బిళ్లను పట్టు తీరునకు గిటారు వాయించువారు చాలుదురు. వారమువారము పాఠము గాత్ర గురువుది. నెలకొక పరీక్ష ఈ ఇరువురిది.

ఇంటి భాష చేయు సాయము

మన పిల్లలకు ఇచ్చట ఒక సౌలభ్యము కలదు. దానిని మనము తరచుగా మరచిపోవుచున్నాము. వీణ సంప్రదాయమున సాహిత్యాక్షరము వచ్చినచోట మీటుదురు. అక్షరముల నడుమనున్న స్వరములను ఎడమచేతితోనే పలికింతురు. "రామా" అను మాటకు రెండు మీటులు. ఆ రెండింటి నడుమ ఎన్ని స్వరములు తిరిగినను మీటు లేదు. అట్లు చేసిననే వాద్యము పాడుచున్నట్లుండును. సాహిత్యము తెలియనివాడు ప్రతి స్వరమునకు మీటును, పాట ముక్కలగును.

త్యాగరాజస్వామి (1767–1847) కావేరీ తీరమున తిరువయ్యారులో నివసించి, తెలుగులో పాడిరి. మన నగరమునకు చేరువనున్న కోవూరునకు వచ్చి, అచ్చటి దేవునిపై అయిదు కృతులు రచించిరి. తమిళ సోదరులు ఆ మాటల అర్థమును శ్రద్ధతో అడిగి తెలిసికొని పాడుచున్నారు. మన పిల్లలకు అది అమ్మతో మాటలాడు భాష. ఏ మాట ఎచ్చట విరుగునో, ఏ అక్షరము దీర్ఘమో వారికి ఎవ్వరును చెప్పనక్కరలేదు. కాని ఆ పిల్లలలో కొందరు తెలుగు మాటలాడుదురేగాని పాట పుస్తకమున సాహిత్యమును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనుచున్నారు. దీర్ఘమేదో హ్రస్వమేదో ఆ వ్రాతలో తెలియదు, మీటు తప్పును. పాట పుస్తకమును తెలుగు లిపిలోనే వ్రాయింపుడని మా ప్రార్థన. ఇది భాషాభిమానముచే చెప్పు మాట మాత్రమే కాదు, వాద్యపు అవసరము.

పాఠము నడచు తీరు

మా తరగతిలో ఇప్పుడు అవలంబించు పద్ధతి ఇది. మొదట గురువు ఒక ఆవర్తనము పాడును. శిష్యుడు వాద్యమును ముట్టక, తాళము వేయుచు దానిని పాడును. నోట రానిది వేలికి రాదు. పాట కుదిరిన తరువాత వాయించును. గురువు అప్పుడు పాడక వినును. తప్పు వచ్చినచోట "మెట్టు తప్పినది" అనక, సరియైన నాదమును మరల పాడి చూపును. శిష్యుడు తన తప్పును తానే వెదకుకొనును. చివర గురువు పాడుచుండగా శిష్యుడు వెంట వాయించును. ఇందు సమయము ఎక్కువ పట్టును, ఓర్పు కావలెను. కాని ఇట్లు నేర్చినది మరపునకు రాదు.

తల్లిదండ్రులు చూడవలసినవి

వాద్యము కొనునప్పుడు వెల చూడకుడు, మెట్లు చూడుడు. విడి తీగెను మీటి, పిదప పండ్రెండవ మెట్టుపై నొక్కి మీటుడు. రెండవది మొదటిదానికి సరిగా పై స్థాయి స్వరము కావలెను. కాకున్నచో తీగెలను మోయు గుర్రము చోటు తప్పినదని అర్థము. దానిని జరిపి సరిచేయవచ్చును. అట్లు జరిపినను సరిపడని వాద్యమును కొనకుడు.

ప్రారంభమున దినమునకు ఇరువది నిమిషముల సాధన చాలును. వేలి కొనలు కొన్ని దినములు మండుట సహజము. మణికట్టున గాని, భుజమున గాని నొప్పి వచ్చిన అది పట్టు తప్పిన గుర్తు. వెంటనే ఆపి, వాద్యము తెలిసినవారికి చూపుడు. ఓర్చుకొమ్మని చెప్పకుడు.

గీతములు ముగిసి వర్ణములు ఆరంభించు వేళకు పిల్లవాని వేగము వేళ్లవద్ద ఆగిపోయినచో, లేక పాడగలిగిన గమకము తీగెపై ఎంతకును రాకున్నచో, గాత్ర గురువు పని కొంత ముగిసినదని గ్రహింపుడు. అప్పుడు వాద్య గురువును వెదకవలెను. మంచి ఉపాధ్యాయుడు ఆ మాటను తానే ముందుగా చెప్పును. అట్లు చెప్పుట ఆయన లోపము కాదు, ఆయన నిజాయితీ.

ఇక పిల్లవాడు కోరినది వదలి మనకు తెలిసిన వాద్యమును అంటగట్టుట సరియా? మా అనుభవమున అది అరుదుగా ఫలించినది. కోరిక ఉన్నచోట లోపములను సవరింపవచ్చును. కోరిక లేనిచోట మంచి గురువు గూడ నిస్సహాయుడగును.

మాండొలిన్ తెచ్చిన తండ్రిగారికి ఆనాడు మేము ఈ మాటలే కొంత తడబడుచు చెప్పితిమి. వాద్యమును పరీక్షింపగా పండ్రెండవ మెట్టు తప్పు పలికినది. గుర్రమును జరిపి, తీగెలను మార్పించితిమి. వీణ తెలిసిన ఒక తల్లిగారు నెలకొకసారి వచ్చి చూచుటకు సంతోషముతో అంగీకరించిరి. బాలుడు ఇప్పుడు అలంకారములు ముగించి మొదటి గీతమున ఉన్నాడు. విద్వాంసుడగునో కాదో మేము చెప్పజాలము. అది మాకు ముఖ్యమును కాదు. మొన్న ఒక సాయంకాలము తరగతి ముగిసిన పిదప అతడు తాతగారి మాండొలిన్‌పై గీతము వాయించుచుండగా, వాకిట నిలిచిన తండ్రిగారు సన్నగా తాళము వేయుచుండిరి. వాద్యము బీరువాపైకి మరల పోలేదు. క్లారినెట్ బాలిక విషయమున మేము చేసిన తప్పు ఇచ్చట జరుగలేదని మాకు కొంత ఊరట కలిగినది.

మీ ఇండ్లలో అట్లు మూలబడియున్న వాద్యములు ఏవైన ఉన్నచో, వానివైపు చూచు పిల్లలున్నచో, పాఠశాలకు తీసికొని రండు. కాదనుటకు ముందు, అవుననుటకు ముందు, కలిసి ఆలోచింతము.